బంజరు అన్న మాట

మనలో ఊటీ చూడని వాళ్ళు తక్కువే. బస్సు కిటికీలోంచి "అబ్బ, ఎంత పచ్చటి అడవి!" అని మనం మురిసిపోయేది చాలాచోట్ల ఆ కొండల సొంత అడవి కాదు. ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటిన యూకలిప్టస్, వాటిల్ తోటలు. తెలుగులో యూకలిప్టస్‌ను నీలగిరి చెట్టు అంటాం, దాని నూనె నీలగిరి తైలం. వలస వచ్చిన చెట్టు కొండ పేరునే కొట్టేసింది చూడండి!

సుమారు 1,800 మీటర్లు దాటాక నీలగిరుల అసలు రూపం వేరు. లోయల మడతల్లో పొట్టి చెట్ల షోలా అడవి, వాలుల మీదంతా పచ్చిక. డిసెంబరు, జనవరి నెలల్లో ఆరుబయట మంచు గడ్డకట్టి షోలా చెట్ల లేతమొక్కల్ని మాడ్చేస్తుంది. గడ్డికి చిగురు నేలను అంటుకునే ఉంటుంది గనుక పైన ఎండినా మళ్ళీ లేస్తుంది.

దూరానికి అంతా ఒకటే గడ్డిలా కనిపిస్తుంది గానీ, కూర్చుని చూస్తే కాదు. కుదుళ్ళుగా పెరిగే క్రైసోపోగాన్ (మన వట్టివేరు ఈ ప్రజాతిదే), అరుండినెల్లా, యులాలియా, ఆండ్రోపోగాన్. వాటి సందుల్లో నేల ఆర్కిడ్లు, పురుగుల్ని తినే డ్రోసెరా. పన్నెండేళ్ళకోసారి పూసే కురింజి పొదలూ ఇక్కడివే. 2006లో, 2018లో పూశాయి. చిత్తడి చోట్ల పెరిగే ఒక గడ్డితో తోడాలు తమ గుళ్ళకు కప్పు వేస్తారు.

ఈ పచ్చిక ఏడాదికి ఎంత పండిస్తుంది? లెక్క కట్టడానికి చదరపు మీటరు చట్రం వేసి, లోపలి గడ్డిని మొదలంటా కోసి, జాతులవారీగా విడదీసి, ఓవెన్‌లో ఆరబెట్టి తూస్తారు. ఒక్కసారి కోస్తే చాలదు. పశువులు మేసిందీ ఎండి రాలిందీ లెక్కలోకి రావు. అందుకే కంచె వేసిన మడుల్లో ఏడాది పొడవునా కోస్తారు. వేర్లను మట్టితో సహా తవ్వి తీసి, కడిగి తూచాలి. ఓపిక పరీక్షించే పని ఇదే. కానీ అది వదిలేస్తే పచ్చికలో పెద్ద భాగమే వదిలేసినట్టు.

తూకం ఒక్కటే చూస్తే వాటిల్ తోటదే గెలుపు. బ్రిటిష్ వాళ్ళూ అలాగే చూశారు. కలప రాని నేల కాబట్టి బంజరు అన్నారు, చెట్లు నాటించారు. స్వాతంత్ర్యం వచ్చాకా అదే సాగింది. కానీ ఊటీ దగ్గర గ్లెన్‌మార్గన్‌లో రెండు వాగుల పరీవాహక ప్రాంతాలను పోల్చి చూస్తే, పచ్చికలో యూకలిప్టస్ నాటిన చోట మొదటి పదేళ్ళలో నీటి దిగుబడి సుమారు 16 శాతం తగ్గింది. నా ఉద్దేశంలో ఆ నీళ్ళూ పచ్చిక దిగుబడిలో భాగమే. అడవి నరికితే మిగిలిన ఖాళీ నేల అనడానికీ వీల్లేదు. ఇక్కడి చిత్తడి మట్టిలోని కర్బనాన్ని పరిశీలించిన శాస్త్రజ్ఞులకు వేల ఏళ్ళ నాటి గడ్డి ఆనవాళ్ళు దొరికాయి.

ఇప్పుడు కొన్నిచోట్ల వాటిల్ తీసేస్తున్నారు. నరికేస్తే అయిపోదు. దాని గింజలు ఏళ్ళ తరబడి మట్టిలో బతికే ఉంటాయి, వెలుతురు తగలగానే గుంపుగా మొలుస్తాయి. ఏటేటా పీకుతూనే ఉండాలి. స్థానిక గడ్డిని నర్సరీలో పెంచి, కుదురు కుదురుగా నాటాలి.