గ్లోబు రంగశాలలో ఒక మధ్యాహ్నం

పాఠం ఉద్దేశం

నాటకాన్ని మన ఆలంకారికులు దృశ్యకావ్యమని పేర్కొన్నారు. చదివినప్పుడు బుద్ధికి మాత్రమే అందే విషయం, రంగస్థలంపై చూచినప్పుడు హృదయానికి సూటిగా తాకుతుంది. భాష పూర్తిగా తెలియకపోయినా నాటకం మనిషిని కదిలించగలదని, పరదేశంలో చూచిన కథ సొంత ఇంటిని గుర్తుచేయగలదని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

2008వ సంవత్సరం, జూలై నెల. లండన్ నగరంలో సెయింట్ పాల్ ప్రార్థనాలయం వైపు నుండి థేమ్స్ నది దక్షిణపు ఒడ్డుకు పోయే నడకవంతెనపై ఇద్దరు తెలుగువారు మెల్లగా నడుస్తున్నారు. ఒకడు తెనాలి ప్రాంతంలో ఇంగ్లీషు అధ్యాపకుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడు. రెండవవాడు అతని బాల్యమిత్రుడు, ఆరెకరాల మాగాణి గల రైతు. అధ్యాపకుడి కుమారుడు లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కుమారుణ్ణి చూడడానికి బయలుదేరుతూ, ఒంటరిగా ఉంటున్న మిత్రుణ్ణి కూడా అధ్యాపకుడు బలవంతంగా వెంటబెట్టుకొని వచ్చాడు.

రైతుకు ఇంగ్లీషు అంతంతమాత్రమే. కాని నాటకమంటే ప్రాణం. తెనాలి నాటకాలకు పేరుపడ్డ ఊరు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో అక్కడే అవతరించింది. ఆ గాలి పీల్చి పెరిగిన రైతు, యౌవనంలో చుట్టుపక్కల పల్లెల్లో హరిశ్చంద్ర పాత్ర ధరించాడు. కాటి సీనులో అతడు పద్యం ఎత్తుకుంటే ‘వన్స్‌మోర్’ అనే కేకలు వినిపించేవి.

అయితే ఆ ప్రయాణంలో అతని మనస్సు నిలకడగా లేదు. అతనికి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. భార్య గతించిన తరువాత, ఆస్తినంతా కొడుకులకు దానపత్రం ద్వారా రాసి ఇచ్చి నిశ్చింతగా ఉండాలని అతడు నిర్ణయించుకున్నాడు. కొడుకులిద్దరూ తండ్రిని దేవుడిలా చూసుకుంటామని పదిమందిలో మాట ఇచ్చారు. కూతురు మాత్రం, “నాన్నా! నీ పేరున కొంచెమైనా ఉంచుకో. చేతిలో ఏమీ లేకుండా చేసుకోవద్దు” అన్నది. తనకు వాటా రాలేదనే దుగ్ధతో ఆమె అలా అంటున్నదని రైతు భావించాడు. మూడు నెలలుగా ఆమెతో మాట్లాడడం మానివేశాడు. ఊరికి తిరిగి వెళ్లగానే రిజిస్ట్రారు కార్యాలయానికి పోవాలని, దస్తావేజు చిత్తుప్రతిని కూడా సంచిలో పెట్టుకొని వచ్చాడు.

వంతెన దిగగానే ఎడమవైపున సున్నపు గోడలతో, రెల్లు కప్పుతో, గుండ్రంగా కనిపించే ఒక కట్టడం ఎదురయింది. “ఇంత పెద్ద పట్నంలో ఈ గడ్డి ఇల్లేమిటి?” అని రైతు ఆశ్చర్యపోయాడు. “అదే షేక్‌స్పియర్ గ్లోబు రంగశాల” అని అధ్యాపకుడు దాని చరిత్ర చెప్పసాగాడు.

షేక్‌స్పియరు సభ్యుడుగా ఉన్న నాటక సమాజం 1599లో ఈ ప్రాంతంలోనే తొలి గ్లోబు శాలను నిర్మించుకున్నది. నదికి ఉత్తరాన ఉన్న తమ పాత నాటకశాలను విప్పి, ఆ దూలాలనే తెచ్చి దీనికి వాడుకున్నారు. 1613 జూన్ 29న ఒక నాటకం ప్రదర్శిస్తూ ఫిరంగి పేల్చగా, నిప్పురవ్వ గడ్డికప్పుకు అంటుకొని శాల అంతా కాలిపోయింది. మరుసటి సంవత్సరమే పెంకుల కప్పుతో మళ్లీ కట్టారు. 1642లో పార్లమెంటు నాటక ప్రదర్శనలను నిషేధించింది. తరువాత ఆ శాలను పడగొట్టారు.

1949లో శామ్ వానమేకర్ అనే అమెరికన్ నటుడు ఆ స్థలాన్ని వెదుకుతూ వచ్చాడు. అతనికి కనిపించినది గోడకు తాపిన ఒక స్మారక ఫలకం మాత్రమే. ప్రపంచానికి అంతటి నాటకాలనిచ్చిన చోట ఒక రంగస్థలం లేకపోవడం అతణ్ణి బాధించింది. 1970లో ఒక సంస్థను స్థాపించి, నిధులు సేకరించి, పాత పద్ధతిలోనే శాలను తిరిగి కట్టించడానికి పూనుకున్నాడు. ఓకు కలపను మేకులతో కాక కొయ్య చీలలతో బిగించారు. 1666 నాటి మహాగ్ని ప్రమాదం తరువాత లండన్‌లో గడ్డికప్పుకు అనుమతి లభించిన మొదటి కట్టడం ఇదే. ఆ కప్పు మీద ఇప్పుడు నీటిని చిమ్మే గొట్టాలు అమర్చారు. వానమేకర్ మాత్రం 1993లోనే కన్నుమూశాడు. శాల 1997లో ప్రారంభమయింది.

“కట్టించినవాడు చూడలేకపోయాడన్నమాట” అన్నాడు రైతు. “పోనీలే. చూసేవాళ్లకు మిగిల్చాడు.”

టికెట్ల గది దగ్గర ఆనాటి నాటకం పేరు చదివి అధ్యాపకుడు తటపటాయించాడు. ఆ నాటకం ‘కింగ్ లియర్’. దాని కథ అతనికి కంఠోపాఠం. మిత్రుడి సంచిలో ఉన్న కాగితం కూడా అతనికి తెలుసు. ఈ కథను ఇప్పుడు ఇతనికి చూపించడం తగునా? పుండుమీద కారం చల్లినట్లు కాదా? “మరొకనాడు వద్దాములే” అన్నాడు.

“ఎల్లుండి విమానం ఎక్కాలి కదరా! నాటకం ఏదైతేనేం? ఆడేవాళ్లను చూద్దాం” అని రైతు పట్టుబట్టాడు.

కూర్చునే చోటులన్నీ నిండిపోయాయి. ముంగిలిలో నిలబడి చూడడానికి మాత్రం అయిదు పౌండ్ల టికెట్లు ఉన్నాయి. “సుమారు నాలుగు వందల రూపాయలు ఇచ్చి మూడు గంటలు నిలబడాలా? మన ఊళ్లో కుర్చీలు వేసి ఉచితంగా చూపినా జనం రావడం లేదే!” అంటూనే రైతు లోపలికి నడిచాడు.

లోపల మూడు అంతస్తుల వసారాలు గుండ్రంగా ఉన్నాయి. వాటిలో కొయ్యబల్లలు. నడుమ ఆకాశం కనిపించే ముంగిలి. అందులోకి పొడుచుకొని వచ్చిన వేదిక. వేదికపై రెండు పెద్ద స్తంభాలు, వాటిమీద కప్పు. కప్పు లోపలివైపు సూర్యచంద్రులు, రాశులు చిత్రించబడి ఉన్నాయి. దానికి స్వర్గమని పేరు. వేదిక నేలలో ఒక తలుపు ఉన్నది. ప్రేతాత్మల వంటి పాత్రలు అందులోనుండి పైకి వస్తాయి. ముంగిలిలో సుమారు ఏడువందల మంది నిలబడవచ్చు. షేక్‌స్పియరు కాలంలో అక్కడ నిలబడేవారు ఒక పెన్నీ చెల్లించేవారు. ఆనాడు ఆడవేషాలు బాలురే కట్టేవారని విని రైతు నవ్వాడు. “మన స్థానం నరసింహారావు గారిని వీళ్లు చూడలేదు” అన్నాడు.

తెర లేదు. పగటి వెలుగులోనే నాటకం మొదలయింది. నటులకు ప్రేక్షకుల ముఖాలు, ప్రేక్షకులకు నటుల ముఖాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. “ఇది మన వీధినాటకమేరా!” అని రైతు మిత్రుడి చెవిలో అన్నాడు.

వృద్ధుడైన లియర్ రాజు తన రాజ్యాన్ని ముగ్గురు కూతుళ్లకు పంచదలచాడు. తనను ఎవరు ఎంత ప్రేమిస్తున్నారో చెప్పమన్నాడు. పెద్ద కూతుళ్లిద్దరూ తియ్యని మాటలు గుప్పించారు. చిన్నకూతురు కొర్డీలియా, బిడ్డగా తన ధర్మం ఎంతో అంతే ప్రేమ అని ఉన్నది ఉన్నట్లు పలికింది. రాజు ఆగ్రహించి ఆమెను వెళ్లగొట్టాడు. మాటలు అర్థం కాకపోయినా, నటుల స్వరంలోని ఎత్తుపల్లాలు రైతుకు అర్థమయ్యాయి. ఏ మాటలో తేనె ఉన్నదో, ఏ మాటలో నిజం ఉన్నదో నాలుగు దశాబ్దాలు పద్యం పాడిన చెవికి తెలియకుండా ఉంటుందా? అతడు వేదిక అంచుకు ఆనుకొని, కదలకుండా నిలబడ్డాడు.

తన వెంట నూరుగురు భటులు ఉండాలని రాజు పెట్టిన నియమాన్ని కూతుళ్లు క్రమంగా తగ్గిస్తూ వచ్చారు. నూరు యాభై అయింది. యాభై ఇరవై అయిదు అయింది. చివరకు ఒక్కడైనా ఎందుకని అడిగారు. ఆ లెక్క రైతుకు పూర్తిగా తెలిసింది. అధ్యాపకుడు ఓరకంట చూశాడు. మిత్రుడి చేయి సంచిని గట్టిగా పట్టుకొని ఉన్నది.

రాజు తుఫానులోకి నడిచాడు. సరిగా అప్పుడే నిజమైన జల్లు ప్రారంభమయింది. ఆ ముంగిలిలో గొడుగు విప్పరాదు. వెనుకవారికి అడ్డమవుతుంది. తుఫానులో చిక్కిన రాజు స్వర్గమనే కప్పుకింద పొడిగా ఉన్నాడు. అతని కష్టం చూస్తున్నవారు తడుస్తున్నారు. అయినా ఎవరూ కదలలేదు. రాజు తలపాగా లేని నెత్తితో గాలిని, ఉరుమును పిలుస్తుంటే, రైతు ముఖంపై పారుతున్నది వాన నీరో, కన్నీరో అధ్యాపకుడు పోల్చుకోలేకపోయాడు.

చివరకు తండ్రిని రక్షించడానికి వచ్చినది వెళ్లగొట్టబడిన చిన్నకూతురే. కాని అప్పటికే ఆలస్యమయింది. ఆమె మృతదేహాన్ని చేతులపై మోసుకొని లియర్ ప్రవేశించాడు. ముంగిలిలో ఊపిరి చప్పుడు కూడా వినిపించలేదు. ఈ ముగింపు భరించరానిదని 1681లో ఒక కవి, కూతురు బ్రతికినట్లు నాటకాన్ని మార్చి రాశాడు. నూటయాభై ఏళ్లకు పైగా ఇంగ్లండులో ఆ మార్పుతోనే ఆడారు. 1838లో గాని షేక్‌స్పియరు ముగింపు మళ్లీ వేదికపై స్థిరపడలేదు.

ప్రదర్శన ముగియగానే చనిపోయిన పాత్రలన్నీ లేచి, చేతులు కలిపి నృత్యం చేశాయి. రైతు నివ్వెరపోయాడు. అది పూర్వకాలం నుండి వస్తున్న ఆచారమని అధ్యాపకుడు వివరించాడు. “మన మంగళహారతి వంటిదన్నమాట. ఏడ్చినవాళ్లను ఏడుస్తూ ఇంటికి పంపకూడదు” అన్నాడు రైతు.

ఇద్దరూ నది ఒడ్డున బల్లపై కూర్చున్నారు. కొంతసేపటికి రైతు నోరు విప్పాడు.

“ఒరేయ్! నేను నలభై ఏళ్లు హరిశ్చంద్రుడి వేషం కట్టాను. ఆయన కూడా రాజ్యమంతా ఇచ్చేశాడు. కాని హరిశ్చంద్రుడు ఇచ్చిన మాట కోసం ఇచ్చాడు. ఈయన విన్న మాటలకు మురిసి ఇచ్చాడు. ఇన్నాళ్లూ నేను హరిశ్చంద్రుణ్ణే అనుకున్నాను.”

“నిన్ను ఈ నాటకానికి తీసుకురావచ్చునా అని నేను సందేహించాను” అన్నాడు అధ్యాపకుడు.

“నువ్వు చెప్పి ఉంటే నీమీద కూడా కోపం వచ్చేది. చెప్పింది నువ్వు కాదు కదా! ఆ ముసలివాడు చెప్పాడు. ఏదీ, ఆ ఫోను ఇలా ఇవ్వు.”

అప్పటికి మన దేశంలో రాత్రి పది కావస్తున్నది. అవతల కూతురు ఫోను ఎత్తి, తండ్రి గొంతు విని కొంచెంసేపు పలకలేదు.

“ఏమ్మా, భోజనం చేశావా?”

“చేశాను నాన్నా. నీ గొంతేమిటి అలా ఉంది? ఒంట్లో బాగుందా?”

“బాగానే ఉన్నానమ్మా. వానలో నిలబడి నాటకం చూశాను.”

“గొడుగు తీసుకుపోలేదా?”

“ఇక్కడ గొడుగు వేయనివ్వరమ్మా. ఊరికి రాగానే ముందు మీ ఇంటికే వస్తాను. నీతో మాట్లాడవలసింది ఉన్నది.”

క్షమాపణ అనే పదం ఆ సంభాషణలో రాలేదు. దాని అవసరమూ కలగలేదు.

ఊరికి చేరిన తరువాత రైతు దస్తావేజును తిరిగి రాయించాడు. ముగ్గురు పిల్లలకూ భాగం పెట్టాడు. తన జీవితకాలం వరకు ఇల్లు, ఒకటిన్నర ఎకరం తన అనుభవంలోనే ఉంచుకున్నాడు. తనను పోషించాలనే షరతును కూడా స్పష్టంగా చేర్పించాడు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు 2007లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, అటువంటి షరతుతో ఆస్తి పొందినవారు దానిని పాటించకపోతే ఆ దానం చెల్లదని ప్రకటింపజేసుకోవచ్చు. పెద్దకొడుకు కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. రైతు తొందరపడలేదు.

షేక్‌స్పియరు తెలుగువారికి కొత్తవాడు కాడు. ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ ఆధారంగా కందుకూరి వీరేశలింగం ‘చమత్కార రత్నావళి’ని రచించి, 1880లో రాజమహేంద్రవరంలో విద్యార్థులచేత ఆడించాడు. 2012లో అదే గ్లోబు శాలలో షేక్‌స్పియరు నాటకాలు ముప్పై ఏడింటిని ముప్పై ఏడు భాషలలో ప్రదర్శించారు. వాటిలో హిందీ, గుజరాతీ కూడా ఉన్నాయి. పరభాషలో ఆడుతున్న నాటకాన్ని చూడడానికి వచ్చినవారు మాటలను వదలి మనుషులను చూశారు. తెనాలి రైతు ఆ పనిని నాలుగేళ్లు ముందుగానే, వానలో నిలబడి చేశాడు.

కఠిన పదాలకు అర్థాలు

ఆలంకారికులు : కావ్య లక్షణాలను వివరించిన పండితులు
దుగ్ధ : కడుపుమంట, లోపలి బాధ
కంఠోపాఠం : నోటికి వచ్చినది
ముంగిలి : ఇంటి ముందరి ఖాళీస్థలం, వాకిలి
చీల : కొయ్యలను బిగించే చిన్న మేకు వంటి కర్ర
నివ్వెరపోవు : మిక్కిలి ఆశ్చర్యపడు
ముభావం : మాటలాడక ముడుచుకొని ఉండడం

అభ్యాసం

I. సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. “చూసేవాళ్లకు మిగిల్చాడు.”
2. “ఈయన విన్న మాటలకు మురిసి ఇచ్చాడు.”

II. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. గ్లోబు రంగశాల పునర్నిర్మాణానికి వానమేకర్ చేసిన కృషిని తెలపండి.
2. టికెట్ల గది దగ్గర అధ్యాపకుడు ఎందుకు తటపటాయించాడు?
3. రైతు గ్లోబు శాలను వీధినాటకంతో ఎందుకు పోల్చాడు?

III. వ్యాసరూప సమాధానం రాయండి.
1. హరిశ్చంద్రుడి త్యాగానికి, లియర్ దానానికి గల భేదాన్ని రైతు గ్రహించిన విధానాన్ని వివరించండి.