ఆపదకు దాచే గింజలు: శనక్కాయల మూటే ఆధారం కాకూడదు

ప్రశ్న: డాక్టరుగారూ, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు, మరుసటేడు నవంబరు వానలకు దారులు తెగినప్పుడు ఇంట్లో సరుకుల్లేక చాలా ఇబ్బందిపడ్డాం. ఈసారి రెండు నెలలకు సరిపడా నిల్వ పెట్టుకుందామనుకుంటున్నాం. సొంత చేని శనక్కాయలున్నాయి కాబట్టి వాటినే ఎక్కువగా ఉంచుదామంటున్నారు మావారు. కొన్ని కాయల్లో పసుపుపచ్చ బూజు కనబడుతోంది. వేయించుకుంటే ఏం కాదంటున్నారు. నిజమేనా? ఇంకా ఏమేం దాచుకోవాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: నిల్వ తప్పకుండా పెట్టుకోండమ్మా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే వాన పడే ఈ ప్రాంతంలో ఆపదంటే కరువొక్కటే కాదని ఇదివరకే చూశాం. 2021 నవంబరులో చిత్రావతి నది పొంగితే వరదలో చిక్కుకున్నవాళ్ళను హెలికాప్టర్‌తో బయటికి తేవాల్సి వచ్చింది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలే మునిగాయి. అయితే ఆ నిల్వలో పెద్ద వాటా శనక్కాయలది కాకూడదు. బూజు పట్టినవాటినైతే వేయించినా ఉడికించినా తినొద్దు. ఈ రెండు మాటలకూ కారణం ఒకటే.

ఆ పసుపుపచ్చ బూజు చాలావరకు ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్ అనే శిలీంధ్రం. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఆ విషం దెబ్బ నేరుగా కాలేయం మీద పడుతుంది. మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన పదార్థాల్లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని కూడా చేర్చింది. బూజు ఇంట్లో మూట కట్టాకే పడుతుందని చాలామంది అనుకుంటారు. మెట్టపొలాల్లో అది చాలాసార్లు చేనులోనే మొదలవుతుంది. కాయ ఊరే చివరి నాలుగైదు వారాల్లో వాన ముఖం చాటేస్తే నేల వేడెక్కుతుంది, గింజలో తేమ తగ్గుతుంది, బూజును అడ్డుకునే శక్తి మొక్కకు పోతుంది. మట్టిలో ఎప్పుడూ ఉండే శిలీంధ్రం అప్పుడు కాయలోకి చొరబడుతుంది. ఆ మీదట చెట్లు పీకి కుప్పలు వేసిన వేళకు ఈశాన్య రుతుపవనాల వాన కురిస్తే మిగిలిన పని తేమ పూర్తిచేస్తుంది. అంటే మనం దాచిన గింజల మీద ఎక్కువగా ఆధారపడాల్సి వచ్చే కరువు ఏడాదే శనక్కాయలో విషం పెరిగే అవకాశం ఎక్కువ. నేను వద్దనడానికి అసలు కారణం ఇదే.

ఇది ఊహ కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో అకాల వానలకు తడిసిన మొక్కజొన్న తిని 397 మంది కామెర్లతో జబ్బుపడ్డారు, 106 మంది చనిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ ఉపద్రవాన్ని పరిశోధించి అఫ్లాటాక్సిన్ వైపు వేలు చూపారు. 2004లో తూర్పు కెన్యాలోనూ ఇదే జరిగింది. అదీ మనలాగే కరువు నేల. తిండి గింజలు కరవై, చేతికొచ్చిన కాస్త మొక్కజొన్ననూ సరిగా ఎండకుండానే ఇళ్ళలో దాచుకున్నారు. 317 మంది జబ్బుపడితే 125 మంది పోయారు. రెండు చోట్లా ఆ గింజే వాళ్ళ ముఖ్యాహారం. మామూలు రోజుల్లో మనం ఊరిబిండి కోసమో చట్నీ కోసమో గుప్పెడు గింజలు వాడతాం. ఆపదలో ఒకే సరుకు మిగిలితే మూడు పూటలా అదే తింటాం. విషం మోతాదు అక్కడ పెరుగుతుంది. ఒంటి బరువు తక్కువ కాబట్టి పిల్లలకు ముప్పు ఇంకా ఎక్కువ.

వేయిస్తే పోదా అంటే, పోదమ్మా. వేడికి బూజు చస్తుంది గానీ అది వదిలిన విషం కొంత తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. మన బాండలి వేడి దానికి చాలదు. నూనె ఆడిస్తే సరిపోతుందనేవాళ్ళూ ఉన్నారు. గానుగ నూనెలోకి కొంత విషం దిగుతుంది, ఎక్కువ భాగం చెక్కలో మిగులుతుంది. ఆ చెక్క తిన్న బర్రె పాలలోకి దాని మరో రూపం చేరి, తిరిగి పిల్లవాడి గ్లాసులోకే వస్తుంది. మా తాతలు పాతరల్లో ఏళ్ళ తరబడి గింజలు దాచి తిన్నారు కదా అనే మాటకు బలముంది. అయితే వాళ్ళు దాచింది ఎక్కువగా జొన్నలు, రాగులు. జిల్లాను శనక్కాయ ఇంతగా కమ్ముకున్నది గత శతాబ్దం రెండో సగంలో. తాతల అనుభవాన్ని నమ్మితే వాళ్ళు దాచిన గింజల్నే దాచాలి.

కష్టపడి పండించిన పంటను ఎలా పారేస్తామని మీవారు అడిగితే అది న్యాయమైన బాధే. మొత్తం పారేయనక్కర్లేదు. విషం అన్ని గింజల్లో సమానంగా ఉండదు, కొద్ది గింజల్లోనే పేరుకుని ఉంటుంది. వెలుతురులో చాటలో పోసి, బూజు పట్టినవి, రంగు మారినవి, ముడుచుకుపోయినవి, పగిలినవి, పురుగు తొలిచినవి ఏరేస్తే ముప్పు చాలా తగ్గుతుంది. ఏరినవాటిని కోళ్ళకో గానుగకో పంపకుండా గుంతలో పూడ్చేయండి. కంటికి బాగున్న గింజలోనూ కొంత విషం ఉండొచ్చు. అందుకే ఏరాక కూడా వాటి వాటా కొంచెంగానే ఉండాలంటున్నాను. మంచివాటిని పొట్టుతోనే ఉంచండి. ఊపితే కాయలో గింజ గలగలలాడేదాకా ఎండబెట్టి, గోనె సంచుల్లో పోసి, నేలకు గోడకు తగలకుండా చెక్కల మీద పెట్టండి.

నిల్వకు వెన్నెముకగా రాగులు, కొర్రలు, జొన్నలు పెట్టుకోండి. రాగులు బాగా ఎండితే ఏళ్ళ తరబడి ఉంటాయి. వంద గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో అది పది కూడా ఉండదు. చౌక బియ్యం వస్తున్నాయి కదా అనుకోవచ్చు గానీ, అవి ఊరికి చేరని రోజులే కదా మన సమస్య. పైగా బియ్యమొక్కటే ఒంటికి చాలదు. రాగిపిండి, కొర్రబియ్యం ముందే ఆడించి పెట్టొద్దు, త్వరగా కనరు వాసన వస్తాయి. గింజగా దాచి కొద్దికొద్దిగా పట్టించుకోండి. వాటికి తోడు కందిబేడలు, ఉలవలు, బెల్లం, అయోడిన్ ఉప్పు, చింతపండు. పాతవి ముందు వాడి, కొత్తవి వెనక పెట్టండి.

పురుగు పడుతుందని కొందరు అల్యూమినియం ఫాస్ఫైడ్ గోలీలు తెచ్చి గింజల్లో వేస్తారు. ఇంట్లో ఆ పని ఎప్పుడూ చేయొద్దు. దాన్నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు ఆ గదిలో నిద్రపోయేవాళ్ళ ప్రాణం తీస్తుంది, దానికి విరుగుడు లేదు. పప్పుగింజలకు ఆముదం పట్టించడం, ఎండబెట్టడం, మూతి బిగువుగా ఉన్న డబ్బాలు వాడటం చాలు.

నీళ్ళు మర్చిపోకండి. తాగడానికే మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున కనీసం మూడు రోజులకు శుభ్రమైన నీళ్ళుండాలి. వరద వేళ నీళ్ళు కాచినా, క్లోరిన్ బిళ్ళ వేసినా క్రిములు పోతాయి. మన బోర్లలోని ఫ్లోరైడ్ మాత్రం మరిగించినా పోదు. అందుకే బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళలో రక్షిత నీటినే పట్టి ఉంచాలి. బీపీ, షుగరు, మూర్ఛ మందులు పదిహేను రోజులకు ముందే కొనిపెట్టుకోండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు దొరక్కపోతే లీటరు కాచిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి.

చివరిగా, హెపటైటిస్ బి ఉన్నవారికి అఫ్లాటాక్సిన్ కూడా తోడైతే కాలేయ క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లవుతుంది. ఇంటిల్లిపాదీ ఒకసారి హెచ్‌బీఎస్ఏజీ రక్తపరీక్ష చేయించుకోండి. లేదని తేలితే, ఇదివరకు టీకా వేయించుకోనివారు మూడు మోతాదులూ పూర్తిచేసుకోండి. ఇప్పటికే ఆ బూజు కాయలు తిన్నవారిలో ఎవరికైనా కళ్ళు పచ్చబడినా, కడుపు ఉబ్బినా, వాంతులు ఆగకపోయినా, నాటుమందు కోసం తిరగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఏం తిన్నారో డాక్టరుకు చెప్పండి, మిగిలిన కాయలు కొన్ని సంచిలో వేసి చూపించండి.