చేపలతొట్టికి కావలి యెవరు? కంట్రోలరు, సాఫ్టువేరు, క్లౌడు

ఫిలిప్ హెన్రీ గాస్ అను ఆంగ్లేయ ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1854వ సంవత్సరమున 'ది అక్వేరియం' అను గ్రంథమును ప్రకటించెను. అంతకు ముందటి యేట లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యగృహము తెఱవబడెను. ఆ కాలపువారు మొక్కలు ప్రాణవాయువు నిచ్చును, జీవులు దానిని పీల్చును, ఈ రెంటి తూనికయే తొట్టికి ప్రాణమని నమ్మిరి. నేడు గృహములయందు సముద్రపు పగడములను, వాని నడుమ తిరుగు చేపలను పెంచువారు ఆ తూనికను చాలవఱకు యంత్రముల కప్పగించిరి. నీటిని కాచు హీటరు, త్రిప్పు పంపు, సూర్యునికి బదులు దీపములు, ఆవిరియైపోయిన నీటికి బదులు మంచినీటిని చేర్చు చిన్న పంపు, వీని నన్నిటిని కనిపెట్టి యేలు పెట్టెకు అక్వేరియము కంట్రోలరని పేరు. దాని యాజ్ఞ యెచ్చటనుండి వచ్చును, అది యితర యంత్రములతో నెట్లు మాటలాడును అను విషయములే యీ వ్యాసమునకు వస్తువు.

మొదట ప్రమాద మెంతటిదో లెక్కవేసి చూతము. భౌతికశాస్త్రము చదువు విద్యార్థులు దీనిని తామే చేయవచ్చును. 200 లీటర్ల నీరు పట్టు తొట్టియు, అందు 200 వాట్ల హీటరును గలవనుకొనుడు. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడిచేయుటకు సుమారు 4,186 జౌలులు కావలెను. 200 కిలోగ్రాములకు 8,37,200 జౌలులు. హీటరు సెకనునకు 200 జౌలుల నిచ్చును గనుక 4,186 సెకనులలో, అనగా రమారమి 70 నిమిషములలో, నీరు ఒక డిగ్రీ పెరుగును. గాజుగుండ బయటికి పోవు వేడిమిని విడిచితిమి. దానిని లెక్కించిన వేగము కొంత తగ్గును. హీటరులోని థర్మోస్టాటు కొనలు ఒకదాని కొకటి అతుకుకొని విడివడకపోవుట అరుదైన సంగతి కాదు. రాత్రి పది గంటలకు అట్లు జరిగెనేని, 26 డిగ్రీలనుండిన నీరు తెల్లవాఱుజామున నాలుగు గంటలకు 31 డిగ్రీల కెక్కవచ్చును. ఇంటివారందఱు నిద్రలో నుందురు.

వేడి యొక్కటియే కీడు కాదు. లీటరు మంచినీరు 20 డిగ్రీలవద్ద సుమారు 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి యుంచగలదు. 30 డిగ్రీలవద్ద 7.5 మాత్రమే. ఉప్పునీరు ఇంకను తక్కువ పట్టును. నీరు వేడెక్కిన కొలది చేపకు గాలి యెక్కువ కావలసి వచ్చును, దొరకునది తగ్గును. తెల్లవాఱకముందు ఏరేటర్లు నిలిచిన నేమగునో గోదావరి మండలములలో రొయ్యల చెఱువులు గలవారి నడిగిన చెప్పుదురు.

ఇక కంట్రోలరు సంగతి. దానికి ఒకవైపున ఉష్ణమాపకము, పీహెచ్ కొలుచు కడ్డీ, నీటిమట్టమును దెలుపు తేలుబిళ్ల యుండును. మఱియొకవైపున హీటరును, పంపును, దీపములను తగిలించు విద్యుత్తు సాకెట్లుండును. నడుమ నున్నది చిన్న కంప్యూటరును, మనము వ్రాసి యిచ్చిన యాజ్ఞాపట్టికయు. అమెరికాలోని నెప్ట్యూను సిస్టమ్సు వారి ఏపెక్సు అను కంట్రోలరులో ఈ యాజ్ఞలు మామూలు వాక్యములవలెనే యుండును: ఉష్ణము 25 డిగ్రీలకంటె తగ్గినచో హీటరు వెలుగవలెను, 25.5 కంటె హెచ్చినచో ఆరవలెను. రెండు సంఖ్యలను వేఱుచేయుటకు కారణము కలదు. సంఖ్య యొక్కటియే యైనచో హీటరు మాటిమాటికి వెలిగి యారుచు స్విచ్చును అరుగదీయును. నడిమి అరడిగ్రీలో అది పూర్వస్థితిలోనే నిలుచును. హీటరుయొక్క సొంత థర్మోస్టాటును ఒక డిగ్రీ పైకి అమర్చి యుంచిన, ఒకరు తప్పిన నింకొకరుందు రనునట్లు ఇద్దఱు కావలివారేర్పడుదురు.

ఈ పట్టికలో వాక్యములు పైనుండి క్రిందికి చదువబడును. వానిలో నిజమైనవి పెక్కున్నచో కడపటిదే చెల్లును. దీపమును గూర్చి "ఉదయము 9 మొదలు సాయంకాలము 6 వఱకు వెలుగవలెను" అని ముందును, "నీరు 28 డిగ్రీలు దాటినచో ఆరవలెను" అని వెనుకను వ్రాసిన, ఆపదవేళ దీప మారును. వరుస తారుమారైన యెడల, వేడిమి వాక్యము ఆర్పిన దీపమును గడియారపు వాక్యము మరల వెలిగించును. రెండు సూత్రములు విరోధించినపుడు పరసూత్రమే బలవత్తరమని పాణినీయులు చెప్పుట సంస్కృతము చదివిన బాలురకు జ్ఞప్తికి రావచ్చును.

క్లౌడనగా మేఘము. పేరు చూచి అది యాకాశమున నున్నదని భ్రమపడరాదు. అది యెచ్చటనో నేలమీద కట్టిన భవనము. అందు వరుసలుగా పేర్చిన కంప్యూటర్లు. వానికిని విద్యుత్తు కావలెను, చల్లదనము కావలెను, జీతము పుచ్చుకొని కనిపెట్టు మనుష్యులు కావలెను. ఐనను ఈ పద్ధతి ఊరక రాలేదు. పూర్వము దూరమునుండి తొట్టిని చూడవలెననిన, ఇంటి రౌటరులో నొక ద్వారమును బయటికి తెఱచి యుంచవలసివచ్చెడిది. ఆ ద్వారమున యజమానుడే గాక దొంగయు రాగలడు. క్లౌడు పద్ధతిలో కంట్రోలరే బయటికి పోయి సర్వరును పలుకరించును. యజమానుని ఫోనును అచ్చటికే పోవును. ఇంటి ద్వారము మూసియే యుండును. అంతమాత్రమున భయము పూర్తిగా తీఱెనని కాదు. ఉత్తర అమెరికాలోని యొక జూదశాలలో ఇంటర్నెట్టుకు కలిపిన చేపలతొట్టిగుండ చోరులు చొరబడి, 10 గిగాబైట్ల సమాచారమును ఫిన్లండుకు తరలించిరని డార్క్‌ట్రేసు అను రక్షణసంస్థ 2017లో వెల్లడించెను. తొట్టిలోని చేపలకేమో హాని లేకపోయెను.

ఇచ్చట అడుగవలసిన ప్రశ్న యొక్కటి. నిర్ణయము చేయువా రెవరు? ఆజ్ఞాపట్టిక తొట్టిప్రక్కనున్న పెట్టెలోనే యుండి, క్లౌడు దానిని చూపుటకును మార్చుటకును మాత్రమే పనికివచ్చుట యొక పద్ధతి. ఏపెక్సును, జర్మనీదేశపు జీహెచ్‌ఎల్ వారి ప్రాఫీలక్సును ఈ తెగలోనివి. ఇంటర్నెట్టు పోయినను అవి తమ పని మానవు. సర్వరే యాజ్ఞ నిచ్చుచుండ, ఇంటిలోని పరికరము దానికొఱకు కాచియుండుట రెండవ పద్ధతి. చవుకగా దొరకు వై-ఫై ప్లగ్గులలో, ఒక పరికరపు ఉష్ణమాపకము చూచి మఱియొక ప్లగ్గు నార్పు ఏర్పాటు తఱచుగా నిట్టిదే. అది కంటికి కంట్రోలరువలెనే కనబడును గాని, దాని మెదడు వేఱొక ఖండమున నుండవచ్చును.

ఇట్టి యేర్పాటు చెడిన నేమగునో చెప్పుటకు ఉదాహరణములకు కొదువ లేదు. 2020 ఫిబ్రవరిలో పెట్‌నెట్టు అను సంస్థవారి యంత్రములు, పిల్లులకును కుక్కలకును వేళకు మేత వేయవలసినవి, సర్వరుతో సంబంధము తెగి రమారమి వారముదినములు తడబడెను. మేత పడలేదని పలువురు యజమానులు మొఱపెట్టుకొనిరి. రివాల్వు అను గృహయంత్రమును నెస్టు సంస్థ కొని, 2016 మే 15న దాని సర్వరును మూసివేసెను. 299 డాలర్ల పెట్టె నాటితో మూగదయ్యెను. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాను సర్వర్లు ముందుమాట లేకయే యాగిపోగా, జూనులో దాని వాడుకరులు కొందఱు కూడి ఆ వ్యాపారమునే కొని నిలిపిరి. 2025 అక్టోబరు 20న అమెజాను వారి ఉత్తర వర్జీనియా కేంద్రమున పేర్లు చిరునామాలు కలుపు వ్యవస్థ తప్పగా, లోకమంతటను అనేక సేవలు గంటలతరబడి నిలిచెను. గంటలన్నవి తొట్టికి చిన్నవి కావని పై లెక్కయే చెప్పుచున్నది.

ఐనను క్లౌడును బొత్తిగా త్రోసివేయువారితో నేను ఏకీభవింపను. ఇంటిలో విద్యుత్తే పోయినచో కంట్రోలరు ఎవరికి మొఱపెట్టును? రౌటరును దానితోడనే యారిపోవును. దూరమునందున్న సర్వరు మాత్రమే "నిమిష నిమిషమునకు పలుకు పెట్టె యింతసేపు పలుకలేదే" యని గ్రహించి యజమానుని ఫోనుకు వార్త పంపగలదు. ఏపెక్సువారి ఫ్యూజను అను క్లౌడులో దీనికి హృదయస్పందనమని పేరు. మౌనమును వినుట యింటిలోని పెట్టెకు సాధ్యముకాని పని. కనుక తొట్టిని కాపాడు నిర్ణయము తొట్టియొద్దను, యజమానుని మేల్కొలుపు పని క్లౌడునందును ఉండదగును.

ఇక పొత్తు సంగతి. ఒక సంస్థ కంట్రోలరుతో వేఱొక సంస్థ పరికరము పనిచేయునా? ప్రకృతి నియమమునుబట్టి నడచు పరికరములకు సామాన్యముగా చిక్కు లేదు. పీహెచ్ కడ్డీ ఎవరు చేసినను, 25 డిగ్రీలవద్ద ఒక్కొక్క పీహెచ్ మెట్టునకు సుమారు 59 మిల్లీవోల్టుల భేదమును జూపును. దాని కొనయు బీఎన్‌సీ అను సామాన్యమైన తెగదే. క్రొత్త కడ్డీని తగిలించి, 7, 10 పీహెచ్ గల ద్రవములలో ముంచి సరిచూచిన చాలును. 0 మొదలు 10 వోల్టుల వఱకు మార్చి దీపపు వెలుగును, పంపు వేగమును మార్చు పద్ధతియు దాదాపు అందఱికి తెలిసిన భాషయే. తీగల వరుస మాత్రము చూచుకొనవలెను. మానవులు స్వేచ్ఛగా కల్పించుకొన్న భాషలయొద్దనే చిక్కు. ఏపెక్సు పెట్టెపైనున్న అక్వాబస్సు రంధ్రము చూచుటకు యూఎస్‌బీ రంధ్రమువలె నుండును గాని అది యూఎస్‌బీ కాదు. దాని తీగను కంప్యూటరునకు తగిలింపరాదు.

కాలము గడచిన కొలది పుట్టు పొత్తులేమి యింకొకటి. పరికరము చెడదు, చుట్టునున్న లోకము మాఱును. 2017లో ఆపిలు వారి ఐఓఎస్ 11 వచ్చినపుడు 32 బిట్ల యాపులన్నియు ఆ ఫోనులలో తెఱుచుకొనకపోయెను. 2021 సెప్టెంబరు 30న లెట్స్ ఎన్‌క్రిప్టు వారి గుర్తింపుపత్రముల కాధారమైన పాత మూలపత్రమొకటి గడువు తీఱగా, క్రొత్తదానిని నేర్వని పాత పరికరము లనేకము తమ సర్వర్లను నమ్మలేక మాటలాడుట మానెను. కాబట్టి కొనునపుడు ఆ పెట్టె తన సొంత పుటను ఇంటి వలలోనే చూపునా యని విచారింపవలెను. రాస్ప్‌బెరీ పై అను చిన్న కంప్యూటరుపై నడచు రీఫ్-పై అట్టిది. దాని మూలలేఖనము అందఱికి తెఱచియున్నది. దాని యేలుబడి యింటిలోనే సాగును. కాని తీగలు కూర్చుట, విద్యుత్తు పాళ్లు చూచుట కొన్నవాని బాధ్యతయే. నీటియొద్ద 230 వోల్టులతో పని గనుక బాలురు పెద్దల సాయము లేక చేయరాదు.

తమ తొట్టి యే పద్ధతిదో తెలియగోరువారు ఒక సెలవుదినమున, ఇంట మనుష్యులుండగా, రౌటరు తీగను తీసి చూడవలెను. వేడిమి నిలుకడగా నున్నదా, దీపము వేళకు ఆఱెనా కనిపెట్టవలెను. పిమ్మట ఇంటర్నెట్టు లేకయే కంట్రోలరును ఒకసారి ఆర్పి వెలిగింపవలెను. కొన్ని పెట్టెలు కాలమును ఇంటర్నెట్టునుండియే తెచ్చుకొనును. రాస్ప్‌బెరీ పై 4కు బ్యాటరీతో నడచు గడియారము లేదు గనుక, దానిని వేఱుగా అమర్చనియెడల దీపము అర్ధరాత్రి వెలుగవచ్చును. కంట్రోలరునకును సాకెట్లకును నడుమ తీగ తెగినచో ఒక్కొక్క సాకెటు ఏ స్థితిలో నుండవలెనో ఏపెక్సులో ముందే వ్రాసి యుంచవచ్చును. నీటిని త్రిప్పు పంపునకు "వెలుగు" అనియు, మన యుష్ణదేశమున హీటరునకు "ఆరు" అనియు వ్రాయుట మేలు. మంచినీటిని చేర్చు పంపునకును "ఆరు" అనియే వ్రాయవలెను. ఒకనాడు నీరు తగ్గిన పగడములు ఓర్చుకొనును. తొట్టి పొర్లి ఉప్పు పలుచబడిన ఓర్చుకొనలేవు.