రెండవ స్థానం

ఫుట్‌బాల్ వృత్తిగా వెలసిల్లిన దేశాలలో జట్లను శ్రేణులుగా విభజిస్తారు. కింది శ్రేణిలో ప్రథమ స్థానం పొందిన జట్టు పై శ్రేణికి ఎదుగుతుంది. పై శ్రేణిలో అట్టడుగున మిగిలినది కిందికి దిగుతుంది. మన దేశంలో 2014లో ఇండియన్ సూపర్ లీగ్ ఆరంభమైన తరువాత చాలాకాలం ఈ నిచ్చెన లేదు. ఐ-లీగ్ విజేతకు పైకి పోయే అవకాశం 2022-23లో గాని కలుగలేదు. పై జట్లు కిందికి దిగే నియమం మాత్రం అప్పుడూ పెట్టలేదు!

ఐ-లీగ్‌లో తెలుగునాటి జట్టు శ్రీనిధి డెక్కన్. 2020లో విశాఖపట్నం పేరిట అనుమతి పొందిన ఈ జట్టు, హైదరాబాదులోని డెక్కన్ ఎరీనాను సొంత మైదానం చేసుకొంది.

2023-24లో 13 జట్లు పోటీపడ్డాయి. ప్రతి జట్టు మిగిలిన 12 జట్లతో సొంతగడ్డపై ఒకసారి, ఎదుటివారి గడ్డపై ఒకసారి, మొత్తం 24 ఆటలు ఆడాలి. గెలుపునకు 3 పాయింట్లు, డ్రా అయితే 1. కలకత్తాకు చెందిన మొహమ్మదన్ స్పోర్టింగ్‌కు 52, శ్రీనిధికి 48 వచ్చాయి. ఒక గెలుపు, ఒక డ్రా పాటి తేడా! మొహమ్మదన్ పైకెక్కింది. అంతకు ముందు ఏడు పంజాబ్ జట్టు వెనుక శ్రీనిధిది రెండవ స్థానమే. రెండవ స్థానానికి మెట్టు లేదు.

అదే నగరపు హైదరాబాద్ ఎఫ్.సి. 2019లో పూణె జట్టు స్థానంలో నేరుగా పై శ్రేణిలో అడుగుపెట్టి, 2021-22లో విజేతగా నిలిచింది. 2025లో అది ఢిల్లీకి తరలిపోయింది.