గిటారు రొద, రెండు తీగచుట్టలు

సంగీతం కళాశాఖ వాళ్లదీ, విద్యుత్తు సైన్సు వాళ్లదీ అని మనలో ఒక అపోహ ఉంది. ఎలక్ట్రిక్ గిటారు మూత విప్పి చూస్తే ఆ అపోహ ఒక్క క్షణంలో పోతుంది. లోపల ఉన్నది ఇంటర్మీడియట్‌లో మనమంతా చదువుకొన్న విద్యుదయస్కాంత ప్రేరణే. మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన ఆ సూత్రం మీదే మా తోటలో మోటారు నడుస్తుంది, వేదిక మీద గిటారు పలుకుతుంది.

నేను ఉద్దానం రైతు కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. మాకు జీడి, కొబ్బరి తోటలు. సెలవులకు ఊరెళ్తే మా ఊరి కుర్రాళ్లం అయిదుగురం కలిసి పలాస, టెక్కలి చుట్టుపక్కల పండగలకూ పెళ్లిళ్లకూ పాటల కార్యక్రమాలు ఇస్తుంటాం. అందులో నాది వాయించే పని కాదు, వైరింగు పని. ఆ పనిలో నేర్చుకొన్న ఒక పాఠాన్ని పాఠక మిత్రుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రొద ఎక్కడిది?

గిటారు తీగల కింద ఉండే పికప్ అంటే ఒక అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ. ఈ తీగ మందం సుమారు 0.063 మిల్లీమీటర్లు, అంటే మన తలవెంట్రుకంత. ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత అభివాహం మారుతుంది, చుట్టలో విద్యుచ్ఛాలక బలం పుడుతుంది. అదే మనం వినే స్వరం. అయస్కాంతం ఇనుమునే గుర్తుపడుతుంది కనుక వీణకు వాడే ఇత్తడి తీగను ఈ పికప్ కింద మీటితే దాదాపు ఏమీ వినపడదు.

అయితే ఆ చుట్టకు గిటారు తీగ ఏదో, ట్యూబులైటు చోకు ఏదో తెలియదు. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. దగ్గరలోని యాంప్లిఫైయరు ట్రాన్స్‌ఫార్మరు, చోకులు, అలంకరణ దీపాల డిమ్మర్లు అన్నీ ఆ చుట్టలోకి తమ రొదను ప్రేరేపిస్తాయి. ఇక పందిట్లో గిటారు స్వరం కంటే ముందు 'మ్‌మ్‌మ్' అనే రొద లేస్తుంది. "ఆ గిటారు ఆపీయండ్రా బాబూ, సెవులు పోతన్నాయి" అని ముందు వరసలోని పెద్దలు అరుస్తారు. సౌండు సెట్టు అతను గిటారు తగ్గించేస్తాడు. జనం తప్పుపట్టేది వాయించేవాణ్ణి గాని తీగచుట్టని కాదు గదా! మళ్లీ ఆ ఊరు పిలవాలంటే ఈ రొద పోవాలి.

రెండు చుట్టల కిటుకు

అమెరికాలో గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సెత్ లవర్ అనే ఇంజనీరు దీనికి ఉపాయం కనిపెట్టి 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1959లో పేటెంటు వచ్చింది. దాని పేరు హంబకర్. కిటుకు ఇది: పక్కపక్కన రెండు చుట్టలు పెట్టు. ఒకదాని కింద ఉత్తర ధ్రువం, రెండోదాని కింద దక్షిణ ధ్రువం ఉంచు. వాటిని ఒకదానికొకటి వ్యతిరేక దిశలో ఉండేలా శ్రేణిలో కలుపు. తీగ స్వరం విషయంలో ధ్రువమూ తిరగబడింది, చుట్టూ తిరగబడింది. రెండుసార్లు తిరగబడ్డది మళ్లీ సూటిగా నిలబడుతుంది కనుక రెండు చుట్టల స్వరం కూడుతుంది. బయటి రొదకు అయస్కాంతంతో సంబంధం లేదు, చుట్ట ఒక్కటే తిరగబడింది. కనుక రొదలో రొద పోతుంది.

కావిడి మోసినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. రెండు కుండల్లో నీళ్లు సమానంగా ఉంటే బద్ద సమంగా ఉంటుంది. ఇక్కడ బద్ద ఒరుగే రొద.

మరి ఒక చుట్ట ఎందుకు?

రొద పోయాక కథ ముగియాలి. కాని రెండు చుట్టల స్వరం బరువుగా, కొంచెం మసకగా ఉంటుంది. చుట్టలు రెండయ్యేసరికి ప్రేరకత్వం పెరుగుతుంది. పైగా అవి తీగను రెండు వేర్వేరు చోట్ల వింటాయి కనుక కొన్ని పై స్వరాలు ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. మా గిటారు కుర్రాడికి కొన్ని పాటల్లో గాజులు తగిలినట్టు తేటగా పలికే ఒంటి చుట్ట స్వరం కావాలి. అందుకు అందరూ చేసేది కాయిల్ స్ప్లిట్. రెండు చుట్టలు కలిసే చోటును ఒక స్విచ్చితో ఎర్తుకు కలిపేస్తే ఒక చుట్ట పని మానేస్తుంది. స్వరం తేటపడుతుంది, రొద మొత్తం తిరిగొస్తుంది. కావిడిలో ఒక కుండ తీసేసినట్టే!

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ప్రాంతంలో జీడి, కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. మళ్లీ నాటిన చెట్టు ఫలితం చూపడానికి ఏళ్లు పడుతుంది. అలాంటి ఇళ్ల పిల్లలం, తేట స్వరానికో గిటారు, నిశ్శబ్దానికో గిటారు కొనమని అడిగే స్థితిలో లేము. ఉన్న ఒక్క పాత గిటారులోనే రెండూ రావాలి.

నడిమి మార్గం

స్విచ్చికి బదులు ఒక పొటెన్షియోమీటరు, అంటే వాల్యూముకు వాడే నాబ్ లాంటిదే, పెడితే? అప్పుడు రెండో చుట్ట పూర్తిగా ఆగదు. దాని సంకేతంలో కొంత భాగం నిరోధం గుండా ఎర్తుకు పోతుంది. ఎంత పోతుందన్నది ఆ చుట్ట అవరోధం మీద ఆధారపడుతుంది. డిగ్రీ పాఠం ఇక్కడే అక్కరకొస్తుంది.

ఉదాహరణకు ఒక్కో చుట్ట నిరోధం 4 కిలో ఓములు, ప్రేరకత్వం 2 హెన్రీలు అనుకుందాం. 50 హెర్ట్జ్ రొదకు ప్రేరక ప్రతిరోధం 630 ఓములు మాత్రమే. అదే 3,000 హెర్ట్జ్ తేట స్వరానికి సుమారు 38 కిలో ఓములు! అంటే నడిమి నిరోధం ఒకటే అయినా రొదకు ఒక న్యాయం, తేట స్వరానికి ఒక న్యాయం. లెక్క వేస్తే ఇలా వస్తుంది:

నిరోధం 50 కిలో ఓములు: ఒంటి చుట్ట రొదలో మిగిలేది నూటికి 7, రెండో చుట్ట తేట స్వరంలో కలిసేది నూటికి 76.
20 కిలో ఓములు: రొద 17, తేట స్వరం 45.
10 కిలో ఓములు: రొద 29, తేట స్వరం 25.
సున్న: రొద నూటికి నూరు, తేట స్వరం సున్న.

10 కిలో ఓముల దగ్గర చూడండి. రెండో చుట్ట తేట స్వరంలో ముప్పాతిక వంతు తప్పుకొంది, అంటే గిటారు దాదాపు ఒంటి చుట్టలా పలుకుతుంది. రొద మాత్రం మూడో వంతు కూడా లేదు. కింది స్వరాలు రెండు చుట్టలవీ ఉంటాయి కనుక బలం కూడా అంతగా తగ్గదు. ఈ లెక్కలో వాల్యూము, కేబులు వగైరాల ప్రభావం వదిలేశాను. డిమ్మరు నుంచి వచ్చే కీచు రొద పౌనఃపున్యం ఎక్కువ కనుక అది ఇంత బాగా తగ్గదు. దానికి గిటారు లోపల రాగిరేకు అతికించి ఎర్తు చేయడమే మందు.

చేసే పద్ధతి

కాశీబుగ్గలో మోటార్లకు వైండింగు చేసే ఒక పెద్దాయన దగ్గర నేను సోల్డరింగు నేర్చుకున్నాను. ఆయన మొదటి మాట, "ఏ కొస మొదలో ఏ కొస సివరో తెలకుండా తీగ ముట్టుకోకు బాబూ." మోటారుకైనా పికప్‌కైనా ఇదే సూత్రం.

మొదట, పికప్ నుంచి నాలుగు తీగలు, ఒక కవచం తీగ వస్తున్నాయో లేదో చూడాలి. తీగల రంగులు కంపెనీకో తీరు, వాటిని నమ్మకూడదు. మల్టీమీటరుతో కొలిస్తే కొన్ని కిలో ఓములు చూపే జత ఒక చుట్ట.

తరవాత, ముల్లున్న మీటరును తక్కువ డి.సి. వోల్టుల రేంజిలో చుట్టకు తగిలించి, ఆ చుట్ట మీద స్క్రూడ్రైవరు ఆనించి చటుక్కున పైకి లాగాలి. ముల్లు కుడివైపు కదిలితే ఎర్ర ప్రోబు ఉన్న కొస ప్లస్సు. రెండో చుట్టకూ అలాగే గుర్తు పెట్టుకోవాలి.

మొదటి చుట్ట ప్లస్సు వాల్యూముకు పోతుంది. దాని మైనస్సు, రెండో చుట్ట ప్లస్సు కలిపితే అదే నడిమి ముడి. రెండో చుట్ట మైనస్సు, కవచం తీగ ఎర్తుకు పోతాయి.

నడిమి ముడి నుంచి ఒక చిన్న స్విచ్చి ద్వారా 50 కిలో ఓముల లీనియర్ పొటెన్షియోమీటరు మధ్య కాలికి తీగ తేవాలి. దాని ఒక పక్క కాలు ఎర్తుకు కలపాలి, మూడో కాలు ఖాళీ. స్విచ్చి తీసేస్తే పూర్తి హంబకర్, వేస్తే నాబ్ తిప్పినంత స్ప్లిట్. దుకాణంలో మామూలుగా ఇచ్చే 500 కిలో ఓములది వేస్తే మార్పంతా చివరి కొసలోనే జరిగిపోతుంది, మిగతా తిప్పుడంతా దండగ. మా సముద్రపు గాలికి నాబ్‌లు ఏడాదిలో కరకరలాడతాయి, అప్పుడప్పుడు కాంటాక్ట్ క్లీనరు కొట్టుకోవాలి.

ప్రాణం ముందు, పాట తరవాత

రొద తగ్గుతుందని కొందరు యాంప్లిఫైయరు ప్లగ్గులోని మూడో పిన్ను, అంటే ఎర్తు పిన్ను, విరిచేస్తారు. మిత్రులారా, ఇది మహా ప్రమాదం. గిటారు ఉక్కు తీగలు ఎర్తుకే కలిసి ఉంటాయి. యాంప్లిఫైయరులో లీకేజి ఉంటే కరెంటు తీగల మీదికి వస్తుంది, వాయించేవాడి పెదవి మైకుకు తగిలితే వాడి ఒంట్లోంచి పోతుంది. మా పందిళ్లలో లైను ఎక్కడి నుంచో లాగుతారు. సాకెట్టుకు మూడు కన్నాలున్నా ఎర్తు ఉందని భరోసా లేదు. అందుకని మేము వాయించే ముందు మల్టీమీటరును ఎ.సి. వోల్టుల్లో పెట్టి, మైకు జాలీకీ గిటారు తీగకూ మధ్య కొలుస్తాం. వోల్టులు కనిపిస్తే కారణం తెలిసేదాకా ఎవరూ గిటారు పట్టరు. వీలున్నచోట ఉప్పు, బొగ్గు వేసి ఎర్తు గుంత తవ్వమని అడుగుతాం. మోటారుకు ఎర్తు లేకపోతే ఏమవుతుందో తెలిసిన రైతులు దీనికి ఎన్నడూ కాదనలేదు.

ఈ మార్పు చేశాక గిటారును సౌండు సెట్టు అతను తగ్గించడం మానేశాడు, మాకు అంతకంటే బహుమానం అక్కర్లేదు. అవరోధం సూత్రాన్ని పరీక్షలో పది మార్కులకు రాసి మరచిపోయే మన తోటి విద్యార్థులకు నాదొక విన్నపం. ఒక పాత పికప్పో, కాలిపోయిన మోటారో, మూలపడ్డ రేడియోయో ముందు పెట్టుకోండి. లెక్క ముందు కాగితం మీద వేయండి, తరవాత సోల్డరింగు ఐరను పట్టండి. చెవికి వినపడిన సూత్రం ఇక మరపుకు రాదు.