పన్నెండు తీగల గిటారు: జంట తీగల వరుసక్రమం

తంబురా మీటే వారందరూ ఎరిగిన విషయం ఒకటి గలదు. పంచమం, సారణి, అనుసారణి, మందరం అనే నాలుగు తీగలను ఆ వరుసలోనే మీటుతారు. తీగలు అవే, స్వరాలు అవే అయినను, వరుస మారితే చెవికి వేరొక నడక వినిపిస్తుంది. ఏ స్వరం ముందు, ఏ స్వరం వెనుక అన్నది నాదస్వరూపాన్నే నిర్ణయిస్తున్నదన్న మాట. పన్నెండు తీగల గిటారులో ఈ వరుస సమస్య మరింత సూక్ష్మంగా ఉన్నది. ఎందుకనగా ఇచ్చట ముందు వెనుకలైన రెండు తీగలు అతి దగ్గరగా, ఒకే దెబ్బకు మ్రోగేటట్లు అమర్చబడి ఉంటాయి. ఈ చిన్న విషయాన్నే మేము ఈ వ్యాసంలో పరిశీలింప తలచినాము. చిన్నదే అయినను, దీనిని తెలియకపోవడం వలన తమ చేతిలో పస లేదని నిరాశ చెందే విద్యార్థులు లేకపోలేదు.

ముందుగా వాద్యం నిర్మాణాన్ని గమనింతము. సామాన్యమైన గిటారుకు ఆరు తీగలు. పన్నెండు తీగల గిటారులో ఆ ఆరింటికీ ఒక్కొక్క తోడు తీగ చేరి ఆరు జంటలు ఏర్పడతాయి. సన్నని స్వరాలు పలికే మొదటి రెండు జంటలలో రెండు తీగలూ ఒకే స్థాయిలో ఉంటాయి. మిగిలిన నాలుగు జంటలలో ఒకటి అసలు తీగ; రెండవది దానికి సరిగా ఒక స్థాయి పైన పలికే సన్నని తీగ. ఆరవ జంటలో అసలు తీగ సెకనుకు సుమారు 82 కంపనాలు చేస్తే, దాని తోడు 165 చేస్తుంది. ఇక మూడవ జంట చిత్రమైనది. దాని అసలు తీగ 196 కంపనాలది, తోడు తీగ 392 కంపనాలది. మొదటి తీగ కంపనాలు 330 మాత్రమే! అనగా వాద్యం మొత్తంలో అత్యంత తారస్థాయి స్వరం అంచున గాక, నడుమ ఉన్నది. ఈ వాద్యానికి ప్రత్యేకమైన ఆ గలగల ధ్వనికి మూలం చాలవరకు ఈ ఒక్క తీగయే అని మా అభిప్రాయం. అమెరికా గాయకుడు రోజర్ మెక్‌గ్విన్ పేరిట మార్టిన్ సంస్థ 2005లో ఏడు తీగల గిటారు నొకదానిని వెలువరించినది. అందులో అదనపు తీగ ఒక్కటే. అది మూడవ తీగకు తోడుగా అమర్చిన ఈ పై స్థాయి తీగయే.

ఇప్పుడు వరుస సంగతి. వాదకుడు గిటారును ఒడిలో పట్టుకొన్నప్పుడు లావు తీగలు అతని ముఖం వైపు, సన్ననివి నేల వైపు ఉంటాయి. వాడుకలో ఉన్న సాధారణ పద్ధతిలో, పై నాలుగు జంటలలోనూ సన్నని తోడు తీగను ముఖం వైపు, లావైన అసలు తీగను నేల వైపు ఉంచుతారు. అందువలన పిక్కుతో పై నుండి క్రిందికి మీటినప్పుడు ముందుగా సన్నని తీగ తగులుతుంది; దాని వెంటనే అసలు తీగ పలుకుతుంది. రెంటికీ నడుమ కాలం అత్యల్పమే. కాని మొదట తగిలిన తీగకు దెబ్బ నిండుగా పడుతుంది. పిక్కు వంగి జారుతూ రెండవ దానిని తాకుతుంది. మెల్లగా మీటితే ఒక్కొక్కసారి మొదటి తీగతోనే ఆగిపోతుంది కూడా. కనుక ఈ అమరికలో పై స్థాయి నాదమే ముందుకు వచ్చి మెరుస్తుంది. క్రింది నుండి పైకి మీటితే ఇదంతా తలక్రిందులవుతుంది. వ్రేళ్లతో మీటేవారి చేతిలో మరొక విశేషం: బొటనవ్రేలు క్రిందికి కదులుతుంది గనుక దానికి సన్నని తీగ ముందు దొరుకుతుంది, మిగిలిన వ్రేళ్లు పైకి లాగుతాయి గనుక వాటికి అసలు తీగ ముందు దొరుకుతుంది. ఒకే చేయి, ఒకే క్షణంలో, రెండు విధాల నాదాన్ని పుట్టిస్తున్నదన్న మాట!

ఈ చర్చ నిన్న మొన్నటిది కాదు. ఉర్దూ, అరబీ చదివే మిత్రులు ఎరిగిన ఊద్ వాద్యానికి జంట తీగలు గలవు. అరబీలో 'అల్ ఊద్' అనే మాటయే ఐరోపాలో 'లూట్' అయినది. అచ్చటి వాదకులు క్రింది స్థాయి జంటలకు పై స్థాయి తోడును చేర్చినారు. స్పెయిను దేశపు గాస్పర్ సాన్స్ 1674లో ప్రకటించిన గిటారు గ్రంథంలో లావు తీగలు ఉండవలెనా, వలదా అన్న విషయాన్ని చర్చించినాడు. తాళం కొట్టినట్లు జోరుగా మీటేవారికి అవి మేలని, ఒక్కొక్క స్వరాన్ని నాజూకుగా పలికించేవారికి అవి లేకుండుటే మేలని ఆయన తీర్పు. వాద్యం ఒకటే, అమరిక వాయించదలచిన సంగీతాన్ని బట్టి అని మూడు శతాబ్దాల క్రిందటే గుర్తించినారు.

ఆధునిక కాలంలో ఈ వరుసను తిరుగవేసినది అమెరికాలోని రికెన్‌బాకర్ సంస్థ. వారి విద్యుత్ గిటారులో ప్రతి జంటలోనూ లావైన అసలు తీగ ముఖం వైపు ఉంటుంది. క్రిందికి మీటినప్పుడు ముందుగా అసలు స్వరం స్థిరంగా పలికి, పై స్థాయి దానికి నీడవలె వెనువెంటనే వస్తుంది. బీటిల్స్ బృందంలోని జార్జి హారిసన్ ఈ గిటారును 1964 ఫిబ్రవరిలో న్యూయార్కులో అందుకొన్నాడు. ఆ సంవత్సరమే వెలువడిన 'ఎ హార్డ్ డేస్ నైట్' చిత్రంలో దాని నాదం లోకానికి వినిపించినది. ఆ చిత్రం చూచి అదే విధమైన గిటారు కొన్న మెక్‌గ్విన్, 1965లో బర్డ్స్ బృందంతో బాబ్ డిలన్ రచనయైన 'మిస్టర్ టాంబరీన్ మాన్'ను రికార్డు చేసినాడు. పన్నెండు బిరడలను ఒకే బారుగా పేర్చక, ఆరింటిని ప్రక్కకు, ఆరింటిని వెనుకకు త్రిప్పిన వారి ఏర్పాటు కూడా మెచ్చదగినది. తల పొడవు పెరుగదు. ఏ బిరడ ఏ తీగదో వెదుకవలసిన పని తప్పుతుంది.

అసలు చిక్కు ఇచ్చటనే వస్తుంది. ఆ రికార్డులు విని, సాధారణ వరుసగల గిటారుపై ఆ పాటలను సాధన చేసే విద్యార్థికి ఎంత శ్రమించినా ఆ నిండుదనం రాదు. విద్యుత్ వాద్యానికి, కొయ్యపెట్టె వాద్యానికి గల భేదం కొంత. మిగిలినదానిలో తీగల వరుసది పెద్ద పాలు. లోపం చేతిది కాదు. ఆ విద్యార్థికి ఈ మాట ఎవరైనా చెప్పవలెను. కళాశాలల సాంస్కృతిక విభాగాలకు వాద్యాలు కొనే పెద్దలు కూడా ధర అడిగే ముందు వరుస అడిగితే బాగుండును.

అట్లని తీగలు విప్పి అటుదిటు, ఇటుదటు వేసి చూడడం తగదు. మెడ పైభాగాన తీగలు ఆనే పట్టీలో ఒక్కొక్క తీగ లావుకు తగిన గాడి కోయబడి ఉంటుంది. తేలిక రకపు తీగల కట్టలో ఆరవ తీగ మందం 0.047 అంగుళం ఉంటే, మూడవ జంటలోని తోడు తీగ 0.008 అంగుళం మాత్రమే. లావు తీగ సన్నని గాడిలో దిగదు. సన్నని తీగ వెడల్పు గాడిలో కుదురుగా నిలువక జరజరలాడుతుంది. వరుస మార్చదలచిన వారు ఆ పట్టీని కొత్తగా కోయించవలెను. గుర్రం మీద కూడా లావు తీగకు, సన్నని తీగకు ఆనే చోటు కొంచెం భేదించవలసి ఉన్నది. లేకున్న మెట్లపై పైకి పోయిన కొలది జంట శ్రుతి తప్పుతుంది.

పన్నెండు తీగల బిగువు మొత్తం సుమారు 110 కిలోగ్రాముల బరువుకు సమానం. అందుచేత అన్నిటినీ ఒక్కసారి విప్పక, ఒకటి తీసి దాని స్థానంలో ఒకటి వేయడం మెడకు క్షేమం. చాలామంది వాదకులు వాద్యమంతటినీ ఒక పూర్ణ స్వరం తగ్గించి శ్రుతి చేసి, రెండవ మెట్టు మీద కాపో బిగించి వాయిస్తారు. ముందుగా తెగేది సామాన్యంగా ఆ 0.008 అంగుళపు తీగయే గనుక ఈ జాగ్రత్త అవసరం. బిగించేటప్పుడు ముఖాన్ని దూరంగా ఉంచుకోవలెను. శ్రుతి చేయునప్పుడు జంటలోని అసలు తీగను ముందు సరిచూచి, పిమ్మట తోడును దానికి కలపవలెను. సమస్థాయి జంటలలో ఒకటి 330, మరొకటి 331 కంపనాలు చేస్తుంటే సెకనుకు ఒకసారి నాదం ఉబ్బి తగ్గుతుంది. భౌతికశాస్త్ర తరగతిలో విస్పందనాలని చదువుకొన్నవి ఇవియే. బిరడను మెల్లగా త్రిప్పుతూ పోతే ఆ అల నిదానించి, చివరకు వినరాకుండా పోతుంది.