పరుగెత్తి నీళ్ళు తాగుదాం
(ఇంటివాళ్ళతో, స్నేహితులతో కలిసి హాఫ్ మారథాన్)

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" అన్నారు మన పెద్దలు. ఆశకు పోయి ఆయాసపడవద్దని దాని భావం. నేను ఈ వ్యాసంలో చెప్పబోయేది పరుగెత్తడం గురించి, మధ్యమధ్య నిలబడి నీళ్ళు తాగడం గురించి. కాబట్టి పెద్దల మాటను సగమే కాదంటున్నాను.

మన హాస్టల్లో పరుగు అనగానే అందరికీ గుర్తొచ్చేది కానిస్టేబుల్ సెలక్షన్. తెలంగాణలో 2022 నియామకాలలో పురుషులకు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలకు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలని నిబంధన పెట్టారు. దానికోసం మన సీనియర్ అన్నలు, అక్కలు తెల్లవారకముందే గ్రౌండు చుట్టూ తిరగడం చూస్తూ పెరిగినవాళ్ళం మనం. అది ఉద్యోగం ఇచ్చే పరుగు, దాన్ని తక్కువ చేయను. కానీ అది ఎవరికి వారు, గడియారంతో పోటీపడి, ఉన్న దమ్మంతా ఒక్కసారే ఖర్చుపెట్టే పరుగు. హాఫ్ మారథాన్ అలాంటిది కాదు. ఈ తేడా తెలియకనే చాలామంది రెండో కిలోమీటరులోనే నడుము పట్టుకొని కూర్చుంటారు. లెక్క చూడండి. 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లంటే కిలోమీటరుకు సుమారు 4 నిమిషాల 32 సెకన్లు. ఆ వేగంతో హాఫ్ మారథాన్ మొత్తం పరుగెత్తాలంటే గంటా 36 నిమిషాలు ఆగకుండా పోవాలి. ఏళ్ళ తరబడి సాధన చేసినవారికే అది సాధ్యం.

ముందు ఈ దూరం ఎక్కడిదో తెలుసుకుందాం. 1896లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మొదటిసారి మారథాన్ పెట్టినప్పుడు దూరం సుమారు 40 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ రాజకోట నుండి స్టేడియం దాకా కొలిస్తే 42 కిలోమీటర్ల 195 మీటర్లు వచ్చింది. 1921లో దాన్నే ప్రామాణిక దూరంగా ఖాయం చేశారు. అందులో సగం 21 కిలోమీటర్ల 97.5 మీటర్లు, అదే హాఫ్ మారథాన్. ఇంత వంకర అంకె ఎందుకు వచ్చిందని మా తమ్ముడు అడిగితే, రాజుగారి ఇంటి ముందు మొదలుపెట్టారు కాబట్టి అని చెప్పాను.

పూర్తి మారథాన్ కాకుండా సగమే ఎందుకు ఎంచుకోవాలి? ఇందుకు నేను చదివే జీవరసాయన శాస్త్రం మంచి జవాబు చెబుతుంది. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజుగా మారుతుంది. అందులో కొంత గ్లైకోజెన్ అనే రూపంలో కండరాలలో, కాలేయంలో నిల్వ అవుతుంది. ఇంట్లో బియ్యం డబ్బా ఉన్నట్లే ఇది ఒంట్లో ఉండే డబ్బా. ఆ నిల్వ సుమారు 400 నుండి 500 గ్రాములు. గ్రాముకు 4 కిలోకెలోరీల చొప్పున 1600 నుండి 2000 కిలోకెలోరీలు. ఇక ఖర్చు. మనిషి బరువులో ఒక్కో కిలోకు, పరుగెత్తిన ఒక్కో కిలోమీటరుకు దాదాపు ఒక కిలోకెలోరీ. 60 కిలోల మనిషికి 21 కిలోమీటర్లకు సుమారు 1260 అవుతుంది, 42 కిలోమీటర్లకు 2500 దాటుతుంది. అంటే సగం దూరానికి డబ్బాలో ఉన్నది సరిపోతుంది, పూర్తి దూరానికి చాలదు. మారథాన్ పరుగెత్తేవాళ్ళు 30 కిలోమీటర్ల దగ్గర కాళ్ళు సీసంలా బరువెక్కాయని చెప్పేది ఈ డబ్బా అడుగంటినప్పుడే. దీనికి తోడు, నెమ్మదిగా పోతున్నప్పుడు శరీరం కొవ్వును కూడా బాగా వాడుకుంటుంది, వేగం పెరిగేకొద్దీ గ్లైకోజెన్ మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. కనుక నెమ్మదిగా పోయేవాళ్ళ డబ్బా ఎక్కువసేపు నిలుస్తుంది.

అయితే డబ్బాలో ముందురోజు బియ్యం పోసి ఉండాలి కదా. సాంబారు బాగాలేదని రాత్రి భోజనం మానేసి పడుకొని, తెల్లారి పరుగుకు వస్తామంటే కుదరదు. రాత్రి నిద్రలో కాలేయంలోని నిల్వ చాలావరకు తగ్గిపోతుంది కూడా. పరుగుకు గంటన్నర ముందు ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో తినాలి. ప్రత్యేకమైన పొడులు, డబ్బా పానీయాలు కొననవసరం లేదు. మన మెస్సులో పెట్టే అన్నం, పప్పు, గుడ్డు, పల్లీ పట్టి ఈ పనికి చక్కగా సరిపోతాయి.

ఎంత నెమ్మదిగా పోవాలి అన్నదానికి యంత్రాలేవీ అక్కరలేదు. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే అది సరైన వేగం. ఒక్కొక్క మాటే వస్తూ మధ్యలో ఊపిరి తెగుతుంటే వేగం ఎక్కువైనట్లు. నలుగురూ కలిసి పరుగెత్తడంలో ఉన్న అసలు లాభం ఇదే. ఒంటరివాడు తన ఆయాసాన్ని తానే మోసం చేసుకోగలడు. పక్కన మాట్లాడే మనిషి ఉంటే ఆ మోసం సాగదు.

మా ఇంట్లో ఈ సంగతి ఎత్తినప్పుడు మా అమ్మ ఒక మాట అంది. "పొద్దంత నాట్లేసి నడుములు పడిపోతయ్. మళ్ళ ఉరుకుడేంది బిడ్డా? తిన్నది అరగనోళ్ళు ఉరుకుతరు." మన ఇళ్ళలో చాలామంది ఇదే అంటారు. ఈ ప్రశ్నను నవ్వి తీసిపారేయకూడదు. నాట్లు వేసిన రోజు అమ్మ పరుగెత్తవలసిన పని లేదు, ఆ రోజు ఆమెకు కావలసింది విశ్రాంతి. కానీ ఒళ్ళు హూనం కావడం వేరు, గుండె బలపడడం వేరు. మా మేనమామ మార్కెట్ యార్డులో హమాలీ. 43 ఏళ్ళ మనిషి, క్వింటాలు బస్తాకు ఒక చెయ్యి వేస్తాడు. అయినా పీహెచ్‌సీలో చూపిస్తే బీపీ ఎక్కువే ఉంది. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టి, కొద్దిసేపు శక్తినంతా పెడతాం. గుండెకు మేలు చేసేది ఎక్కువసేపు, ఒకే తీరుగా, హాయిగా ఊపిరి ఆడే కదలిక. పైగా కూలిపనిలో వేగం మేస్త్రీది, ఈ పరుగులో వేగం మనది. అమ్మకు నేను చెప్పింది ఈ చివరి మాటే. ఆమె ఒప్పుకోలేదు, కానీ వద్దనలేదు.

ఇది తిన్నది అరగనివాళ్ళ ఆటే అనుకునేవారికి అవినాశ్ సాబ్లే పేరు చెప్పాలి. మహారాష్ట్ర బీడ్ జిల్లా మాండ్వా గ్రామం ఆయనది. తల్లిదండ్రులు ఇటుక బట్టీలో పనిచేసేవారు. బడి ఆరు కిలోమీటర్ల దూరం. తర్వాత సైన్యంలో చేరి సియాచిన్‌లో పనిచేశాడు. 2020 నవంబరులో ఢిల్లీ హాఫ్ మారథాన్‌ను 60 నిమిషాల 30 సెకన్లలో ముగించి జాతీయ రికార్డు నెలకొల్పాడు. కిలోమీటరుకు 2 నిమిషాల 52 సెకన్లన్నమాట! 2022 కామన్వెల్త్ క్రీడలలో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో రజతం కూడా తెచ్చాడు. మనం ఆయనంత వేగంగా పోనవసరం లేదు, ఆ రోడ్డు మీద మనకూ చోటుందని తెలిస్తే చాలు.

ఇక్కడ మన హాస్టల్లోని చిన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక గట్టి మాట. 18 ఏళ్ళు నిండేదాకా 21 కిలోమీటర్ల జోలికి పోవద్దు. పెద్ద పోటీలలో సాధారణంగా ఆ వయసు లోపువాళ్ళను ఈ దూరానికి తీసుకోరు. ఎదిగే ఎముకలకు మూడు, ఐదు కిలోమీటర్లు చాలు. అలాగే ఛాతీలో నొప్పి, పరుగులో కళ్ళు తిరిగి పడిపోవడం, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా చనిపోయి ఉండడం, ఇలాంటివి ఉంటే ముందు డాక్టరుకు చూపించుకోవాలి. మా మామ కూడా మాత్రలు మొదలుపెట్టి, బీపీ అదుపులోకి వచ్చాక, డాక్టరు సరేనన్నాకనే బూట్లు కట్టాడు.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా చెప్పవలసింది రక్తం సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ మహిళలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కండరానికి ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. అది తక్కువైతే ఎంత సాధన చేసినా ఆయాసం తగ్గదు, మనకు చేతకాదనుకొని మానేస్తాం. పీహెచ్‌సీలో పరీక్ష చేయించుకోండి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి విసిరేసేవాళ్ళు ఎవరో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఆ మాత్ర అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పడం తక్కువ.

సాధన విషయానికి వస్తే, మేము 16 వారాలు తీసుకున్నాం. వారానికి మూడు రోజులే. రెండు రోజులు అరగంట, ముప్పావుగంట, ఆదివారం మాత్రం దూరం. మొదటి ఆదివారం మూడు కిలోమీటర్లు, అదీ సగం నడక. వారం వారం కిలోమీటరో, అంతకన్నా కొంచెం ఎక్కువో పెంచుకుంటూ, మూడు నాలుగు వారాలకొకసారి తగ్గించుకుంటూ 17 దాకా వచ్చాం. ముందుగా 21 పూర్తిచేసి చూడవలసిన అవసరం లేదు. నేను యూనివర్సిటీలో, తమ్ముడు డిగ్రీ కాలేజీ హాస్టల్లో, మామ ఊళ్ళో, ఇద్దరు స్నేహితురాళ్ళు వాళ్ళ వాళ్ళ చోట్ల చేసేవాళ్ళం. ఆదివారం రాత్రి ఫోనులో ఎవరెంత దూరం పోయారో చెప్పుకొనేవాళ్ళం. చీకటితో ఆడపిల్ల ఒక్కతే రోడ్డు మీదికి పోవడం మంచిది కాదని నేను అనను, కానీ జత ఉంటే నిశ్చింతగా ఉంటుంది. ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా రోడ్డుకు కుడివైపున పరుగెత్తాలి.

బూట్ల గురించి అందరూ అడుగుతారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియాకు చెందిన అబేబె బికిలా ఉత్తకాళ్ళతో మారథాన్ గెలిచాడు. ఆయన అలాగే సాధన చేశాడు. మన కంకర తేలిన రోడ్ల మీద ఆ ప్రయత్నం వద్దు. ఖరీదైనవి కానక్కరలేదు, బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండి, ముందే యాభై, అరవై కిలోమీటర్లు తొడిగిన బూట్లయితే చాలు. తొడలు, చంకలు ఒరుసుకొనేచోట కొబ్బరినూనె రాసుకోవాలి. సిగ్గుపడి ఎవరూ చెప్పరు, పదో కిలోమీటరులో అందరికీ తెలుస్తుంది.

హైదరాబాద్‌లో ఏటా వర్షాకాలంలో పెద్ద మారథాన్ జరుగుతుంది, అందులో హాఫ్ కూడా ఉంటుంది. పోగలిగినవాళ్ళు పోవచ్చు. కానీ ఆ రోజుల్లో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, పైగా దారిలో ఫ్లైఓవర్లు. ఐదుగురికి ప్రవేశ రుసుము, బస్సు చార్జీలు, ఒక రాత్రి బస లెక్కవేస్తే మా ఇంటి నెల సరుకులు వస్తాయి. అందుకని మేము మా ఊరి నుండి మండల కేంద్రం వైపు రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టి, 10.55 కిలోమీటర్ల దగ్గర వేపచెట్టుకు సున్నం గీత గీసి, పోయి రావాలని నిర్ణయించుకున్నాం. తేదీ ఎంచుకున్నది మామ. 2025 జనవరి 12 ఆదివారం. మర్నాడు భోగి, ఆ తర్వాత సంక్రాంతి, కనుమ. యార్డుకు సెలవు కాబట్టి కాళ్ళు పట్టుకున్నా కూలి పోదు.

పొద్దున ఆరు గంటలకు బయలుదేరితే ఇంకా చీకటే. వేగం మామది, కిలోమీటరుకు 9 నిమిషాలు. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఇలా మొదటి నుండీ నడక కలుపుకొంటే చివర్లో కాళ్ళు మిగులుతాయి. మా తమ్ముడు ఒంటరిగా పోతే రెండు గంటల్లో ముగించగలడు. వాడికి విసుగు రాకుండా విజిల్, గడియారం, నీళ్ళ సంచి అప్పగించాం. గుంపులో వేగంగా పోగలిగినవాళ్ళకు తప్పకుండా ఏదో ఒక పని ఇవ్వాలి, లేకపోతే ఐదో కిలోమీటరుకల్లా గుంపు రెండవుతుంది. నాన్న టీవీఎస్ మీద, వెనక అమ్మ నీళ్ళ క్యానుతో, రెండు మూడు కిలోమీటర్లకొకచోట ఆగేవారు. ఒకదానిలో ఉత్త నీళ్ళు, ఒకదానిలో లీటరుకు ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపినవి. దాహమైనంతే తాగాలి. ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పలుచబడి ప్రాణం మీదికి వస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉన్నట్లు తేలింది.

16వ కిలోమీటరు దాటాక నా స్నేహితురాలికి పిక్క పట్టేసింది. అందరం ఆగాం, పిక్క సాగదీసి, ఒక కిలోమీటరు మొత్తం నడిచాం. చివరి మూడు కిలోమీటర్లకు అమ్మ బండి దిగి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, చెప్పులతోనే మాతో నడక మొదలుపెట్టింది. మామ పరుగుకు, అమ్మ నడకకు పెద్ద తేడా కనబడలేదు. ఊరి పొలిమేర నుండి చిన్నమ్మ కొడుకు, ఎనిమిదో తరగతివాడు, వాడి జట్టంతా కలిశారు. మొత్తం 3 గంటల 24 నిమిషాలు పట్టింది.

ముగియగానే కూలబడకూడదు. పది నిమిషాలు నడవాలి, గంటలోపు కడుపునిండా తినాలి. మేము కిచిడీ, గుడ్లు తిన్నాం. తర్వాత రెండు రోజులు మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టంగా ఉంటుంది, తొడ కండరాలలో ఏర్పడిన సూక్ష్మమైన గాయాలు మానుతున్నాయన్నమాట. దానికి నొప్పి మాత్ర మింగేకంటే నడక, నిద్ర మేలు. భోగి మంట దగ్గర మామ గోడ పట్టుకొని కూర్చున్నాడు. కనుమ నాటికి మామూలుగా నడిచాడు, గురువారం యార్డు తెరిచేసరికి బస్తా ఎత్తాడు.